కొలిచిన నీరు

50 మీటర్ల నీటిని 14 సెకండ్లకు లోపుగా దాటిన మనుష్యులు కలరని చెప్పినచో మా చదువరులలో పెక్కురు నమ్మకపోవచ్చును. కాని అది నిజము. అంతర్జాతీయ జలక్రీడా సంఘమగు సి.ఎం.ఎ.ఎస్. వారి రికార్డు పట్టికలో ఆ సంఖ్య నమోదై యున్నది. లెక్కవేసి చూచిన గంటకు సుమారు 13 కిలోమీటర్ల వేగమగును. ఒడ్డుమీద పరుగెత్తువాడు సయితము రొప్పవలసినదే. రెక్కలు లేక ఈదువారిలో మేటియగు బ్రెజిలు దేశీయుడు సీజర్ సియెలో 2009లో అంతే దూరమును 20.91 సెకండ్లలో ముగించినప్పుడు లోకము ముక్కుపై వ్రేలు వైచుకొన్నది. అంతకంటెను ఏడు సెకండ్లు తగ్గుట యెట్లు సాధ్యమైనది? పాదములకు తొడిగిన రెక్కలవలన కొంత. శ్వాస బిగబట్టి నీటి లోలోపలనే సాగిపోవుటవలన కొంత. దీనిని ఫిన్ స్విమ్మింగు అందురు. మేము రెక్కల యీత యని వ్యవహరింతుము.

పసుపు ధరను గూర్చియు, ఎరువుల కొరతను గూర్చియు వ్రాయవలసిన చోట ఈ రెక్కల గొడవ యేల యని పఠనమందిరమున కూర్చున్న పెద్దలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. జవాబు ముప్కాలు పొలిమేరలోనే యున్నది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ పండితుడు పోచంపాడు కడ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర జలాశయము ఈ యూరికి పొరుగు. 1091 అడుగుల మట్టమున నిండిననాడు 112 టి.ఎం.సి.ల నీరు పట్టునని తొలుత లెక్కగట్టిరి. గోదావరి తెచ్చిన ఒండ్రు పేరుకొని నేడది ఎనుబది ప్రాంతమునకు దిగినది. ఐనను చూపరికి సముద్రమే. అచ్చటినుండి వెడలు కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. వరద కాలువ 122 కిలోమీటర్లు నడచి మధ్యమానేరును చేరుచున్నది. 2017లో తలపెట్టిన పునరుజ్జీవన పథకము క్రింద ఆ వరద కాలువ నీటినే వెనుకకు ఎత్తిపోయుటకు మూడు పంపుగృహములు కట్టిరి. వానిలో కడపటిది ముప్కాలుది. నీరు పల్లమెరుగునను సామెతనే తిరుగవేసిన ఊరిది. ఇంత నీటినడుమ పెరుగు పిల్లలలో ఎందరికి ఈత వచ్చును? ఈ ప్రశ్న వేసిన అధికారి మా కింతవరకు తారసపడలేదు.

రెక్కల యీత చరిత్ర మిక్కిలి పాతది కాదు. ఫ్రెంచి నౌకాదళమున పనిచేసిన లూయీ ద కోర్లియె అనునాతడు పాదములకు తొడుగు రబ్బరు రెక్కలకు 1933లో పేటెంటు పొందెను. 1959లో జలాంతర్భాగ క్రీడలకు సి.ఎం.ఎ.ఎస్. ఏర్పడగా సముద్రాన్వేషకుడు జాక్ కూస్తో దానికి తొలి యధ్యక్షుడయ్యెను. 1967లో ఇటలీలోని అంజేరాలో ఐరోపా పోటీలు జరిగినవి. 1976లో జర్మనీలోని హనోవరున ప్రపంచ పోటీలు. ఈ నడుమ, డెబ్బదుల దశకపు ఆరంభమున, సోవియట్ ఈతగాండ్రు రెండు పాదములను ఒకే వెడల్పాటి రెక్కలో బిగించి, నడుమునుండి పాదమువరకు శరీరమునంతను చేపతోకవలె ఆడించు పద్ధతిని తెచ్చిరి. దానితో పాత రికార్డులన్నియు కొట్టుకొనిపోయినవి. 1981నుండి ప్రపంచ క్రీడలలో దీనికి స్థానము కలదు. 1986లో ఒలింపిక్ సంఘము ఈ క్రీడాసంఘమును గుర్తించినది గాని, ఒలింపిక్ పోటీలలో మాత్రము దీనిని చేర్చలేదు.

ఒలింపిక్సులో లేని ఆటకు రికార్డేమి, దానికి గౌరవమేమి యని కొందరందురు. రికార్డు అను మాట న్యాయస్థానమున దినమంతయు వినుచుండునదే. వాది కన్నీరు రికార్డు కాదు. ప్రతివాది ప్రమాణములును రికార్డు కాదు. సాక్ష్యముగా అంగీకరింపబడి కాగితముమీదికి ఎక్కినది మాత్రమే రికార్డు. ఈతయందును అంతే. కొలను పొడవును కొలిచి ధ్రువపరుపవలయును. కాలమును యంత్రము తీయవలయును. ఒంటి రెక్క వెడల్పు 760 మిల్లీమీటర్లకు మించరాదు. రెండు పాదములకు వేర్వేరు రెక్కలు తొడిగినవారిని వేరుగా, ముఖముమీదుగా పోవు గాలిగొట్టముతో పైభాగమున ఈదువారిని వేరుగా, గాలి సిలిండరు పట్టుకొని లోపల ఈదువారిని వేరుగా, ఊపిరి బిగబట్టువారిని వేరుగా పోల్తురు. ఒకరి కాలమును మరియొకరి తరగతిలో వ్రాయరు.

ఈ తరగతుల విభజన చాదస్తము కాదు. నీటి పైభాగమున ఈదువాడు తన బలములో కొంత భాగమును అలలను పుట్టించుటకే వ్యయపరచును. పడవ ముందు లేచు అలను చూచినవారికి ఇది తెలియును. అది నీరు విధించు పన్ను. లోతుగా మునిగి పోవువానికి ఆ పన్ను లేదు. కావుననే ఊపిరి బిగబట్టి పోవు 50 మీటర్ల పందెము తక్కిన వానిని మించిన వేగము కలది. కావుననే పైభాగపు పందెములలో ప్రారంభమునను మలుపునను 15 మీటర్లకు మించి మునిగియుండరాదని నియమము. సాధనమును అదుపులో నుంచకున్న ఏమగునో సాధారణపు ఈతవారు 2009లో రోము నగరమున చూచిరి. ఒంటికి బిగియు పాలీయురెథేను దుస్తులతో ఒక్క పోటీలో 43 ప్రపంచ రికార్డులు పగిలినవి. మరుసటి సంవత్సరము జనవరినుండి ఆ దుస్తులను నిషేధించిరి. రెక్కల యీతవారు ఈ విషయమున ముందునుండి నిజాయితీపరులు: సాధనము కలదని ఒప్పుకొని, దాని కొలత యింతయని వ్రాసికొనిరి. మన యార్డులో పసుపు కొమ్మును మండను వేరుచేసి, కాంటామీద పెట్టిన పిదపనే కదా ధర పలుకుదురు. కంటి అంచనాతో కొనుటకు ఏ వ్యాపారియు రాడు, అమ్ముటకు ఏ రైతును ఒప్పుకొనడు.

ఈ పట్టికలలో రష్యా, చైనా, హంగేరీ, కొరియా దేశస్థుల పేర్లు తరచు కానవచ్చును. ధనిక దేశముల ఆట యని తోసివేయుదమా? కొలంబియా ధనిక దేశము కాదు. వియత్నామును కాదు, వరిచేలును కాలువలును గల దేశము, మనవలెనే పరపాలననుండి విడివడినది. 2022లో హనోయిలో జరిగిన ఆగ్నేయాసియా క్రీడలయందు రెక్కల యీతలో అగ్రస్థానము దానిదే. భారతీయుని పేరు ప్రపంచ రికార్డులలో లేదు. మన దేశమున ఈ క్రీడకు సంఘములు కలవు, పోటీలును జరుగుచున్నవి. కాని వాని వార్త ఆర్మూరువరకు రాదు.

తెలుగువానికి నీటిలో బలము లేదనుట అబద్ధము. రేపల్లె చెంత పల్లెటూరిలో పుట్టి, సైన్యమున చేరి, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున సీతాకోకచిలుక యీతలోను రొమ్మీతలోను మన దేశము పక్షమున దిగిన షంషేర్ ఖాన్ తెలుగు నేలవాడు. అతడు 2017లో మరణించినప్పుడు ఎన్ని పత్రికలు మొదటి పుటలో వ్రాసినవి? హైదరాబాదు వాస్తవ్యురాలగు గోలి శ్యామల నడివయస్సున ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకకును మన దేశమునకును నడుమనున్న పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదివచ్చెను. నడివయస్సున నేర్చిన స్త్రీకి సాధ్యమైనది, పదేండ్ల బాలునికి అసాధ్యమందుమా?

ఒక తరము క్రిందట మన ప్రాంతమున ఈత నేర్పుమని ఎవరిని అడుగ నక్కరలేదు. ప్రతి చేనియందును మోటబావి యుండెను. జీలుగ బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో నడుమునకు కట్టి అన్నయో మేనమామయో బావిలోనికి త్రోసెడివాడు. వారము దినములలో బుర్ర విప్పివేసెడివాడు. తరువాత బోరుబావులు వచ్చినవి, భూగర్భజలము దిగినది, మోటబావులు ఎండినవి, కొన్ని పూడ్చివేయబడినవి. ఈత నేర్చు బడి ఆ విధముగా మూతపడగా, దానితోడనే ప్రమాదపు నీరు పెరిగినది. కాలువ మోటబావివంటిది కాదు. బావికి మెట్లు కలవు, చుట్టును మనవారు కలరు. కాలువ గట్టుకు సిమెంటు పలకలు. పాచి పట్టిన వాలు. చేతికి పట్టు దొరకదు. పైనుండి చూచిన ప్రశాంతముగా నుండును, లోపల ప్రవాహము కాలు నిలువనీయదు.

దీని ఫలితము మన కండ్లయెదుట నున్నది. 2021 ఏప్రిల్‌లో పోచంపాడు పుష్కరఘాటున స్నానమునకు దిగినవారిలో ఆరుగురు మునిగి మరణించిరి, పిల్లలును అందుండిరి. 2025 జూన్‌లో జలాశయపు పైతట్టుననున్న బాసరకు హైదరాబాదునుండి వచ్చిన ఐదుగురు యువకులు గోదావరిలో ప్రాణములు కోల్పోయిరి. దేశముమొత్తమున 2022లో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైబడిరని ప్రభుత్వపు లెక్కయే చెప్పుచున్నది. ప్రపంచమున 2021లో మూడు లక్షలమంది యని ప్రపంచారోగ్యసంస్థ అంచనా. ఐక్యరాజ్యసమితి అదే సంవత్సరము జూలై 25వ తేదీని మునకల నివారణ దినముగా ప్రకటించినది. జూలై చివరి దినములు! మనకవి జలాశయమునకు వరద వచ్చు దినములు.

మునిగిన పిమ్మట జరుగునది చదువరులకు తెలియనిది కాదు. పోలీసువారు గజ ఈతగాండ్రకు కబురు పంపుదురు. గంగపుత్రుల యిండ్లనుండి నలుగురు వత్తురు. వారికి కండ్లద్దములు లేవు, పాదములకు రెక్కలు లేవు, నడుమునకు త్రాడొక్కటి. బురదనీటిలో చేతులతో తడవి శవమును వెదకుదురు. ఎవరో కొంత సొమ్ము చేతిలో పెట్టిన పెట్టుదురు, లేకున్న లేదు. మరునాటి పత్రికలో వారి పేర్లుండవు. ఈ మనుష్యుల ఊపిరికిని కాలి బలమునకును ఇంతవరకు గడియారము పట్టినవాడు లేడు. రెక్కల యీత మొట్టమొదట పుట్టినది మునుకవేయువారి పనిముట్టునుండి యని పైన చెప్పితిమి. ఒక జత రెక్కలును అద్దమును ఈ గంగపుత్ర యువకునికిచ్చిన, అతడు శవమును కాక ప్రాణముతోనున్న మనిషినే తెచ్చు అవకాశము పెరుగును. వాని కొడుకు పట్టికకెక్కిన ఎక్కును. ఆ మాట తరువాతిది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయకున్న మా వ్రాత దోషయుక్తమగును. ఊపిరి బిగబట్టు పందెమును గూర్చి చదివి పిల్లలు కాలువలో పోటీలు పెట్టుకొనరాదు. దిగుటకు ముందు గబగబ గాలి పీల్చి వదలినచో రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గును; ఊపిరి తీయవలెనను కోరికను పుట్టించునది ఆ వాయువే. కోరిక పుట్టకమునుపే ప్రాణవాయువు తరిగి, హెచ్చరిక లేకయే స్మృతి తప్పును. మేటి ఈతగాండ్రును ఇట్లు మరణించిరి. ఒడ్డున కనిపెట్టి చూచు శిక్షకుడు లేనిచోట ఊపిరి బిగబట్టు ఆట ఆడుట ఆత్మహత్యతో సమానము.

ఇక చేయదగిన పని. ముప్కాలున ఒలింపిక్ కొలను కట్టుడని మేము కోరము. ఆ కోరిక ఒక శిలాఫలకముతో ఆరంభమై శిలాఫలకముతోనే ముగియునని అనుభవము నేర్పినది. బంగ్లాదేశము మనకంటె పేదది. నీరు మనకంటె ఎక్కువ. అచ్చట గ్రామపు చెరువులోనే వెదురు బొంగులతో చుట్టు కట్టి, అడుగున వెదురు తట్టి పరచి, పిల్లలు మునుగకుండునట్లు చేసి, ఊరి యువకులకే తరిఫీదిచ్చి ఈత నేర్పించుచున్నారు. బిడ్డ 25 మీటర్లు ఈదవలయును. అర నిమిషము నీటిపై తేలియుండవలయును. మునుగుచున్న తోడివానికి ఒడ్డునుండియే కర్రయో త్రాడో అందించుట తెలిసియుండవలయును. అంతటితో పరీక్ష ముగియును. నీటిలోనికి తాను దూకక సాయపడుట యను ఆ మూడవ పాఠము తక్కిన రెంటికంటె మిన్నయని మా యభిప్రాయము. ఒకనిని కాపాడబోయి ముగ్గురు పోవుట మనము వినుచునే యున్నాము.

బడులలో ఆటలకని వ్రాసిన పీరియడులలో పెక్కు లెక్కల మేష్టారికి పోవుచున్నవి. నీరు చూడ బిడ్డను తీసికొనిపోవుటకే ఉపాధ్యాయులు భయపడుచున్నారు. ఏదేని జరిగిన నింద తమమీద పడునని. ఆ భయము నిరాధారము కాదు. కావుననే ఈ బాధ్యతను ఒక ఉపాధ్యాయుని తలపై పెట్టక, గ్రామపంచాయతి తీర్మానము చేసి, విద్యాశాఖయు నీటిపారుదల శాఖయు వ్రాతపూర్వకముగా ఒప్పుకొని, గంగపుత్ర సంఘమునుండి వేతనముపై శిక్షకులను నియమింపవలయును. వేతనముపై యని మరల చెప్పుచున్నాము. శవము తీసినందుకు పారితోషికమిచ్చు ప్రభుత్వము, ప్రాణము పోకుండ నేర్పినందుకు జీతమీయలేదా? బాలికలకు వేరు గంటయు, నేర్పుటకు స్త్రీయు ఉండవలయును; మోటబావి కాలమున వారిని ఒడ్డుననే నిలిపితిమి, ఈ పర్యాయము ఆ పని జరుగరాదు.

వెదురు చుట్టు 25 మీటర్లకు ఒక్క అంగుళము తక్కువ కాకుండ కొలిచి కట్టుడు. ప్రతి బిడ్డకును ఎదురుగా కాలము వ్రాయు పుస్తకమొకటి తెరువుడు. పసుపు త్రవ్వకము ముగిసి, బడులకు సెలవులిచ్చి, కాలువకు నీరు కట్టివేయు వేసవి దినములు ఈ పనికి తగినవి. నీరుండు చెరువును ఇప్పుడే గుర్తింపవచ్చును. వచ్చు పంచాయతి సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుమని సభ్యులను కోరుచున్నాము. అది చర్చకు వచ్చినదో లేదో, ఎవరేమనిరో, తరువాతి సంచికలలో ప్రకటింతుము.