వినడమేనా, పాడేదేమైనా ఉందా?

పాటలపెట్టె మన జేబులోకి వచ్చి నలభై ఏళ్లు దాటింది. అయినా నలుగురు విద్యార్థులు కలిసి సొంతపాట ఒకటి రికార్డు చేద్దామంటే, ముందు స్టూడియో అద్దె దగ్గరే ఆగిపోతున్నారు. ఈ బెంగకు కాలం చెల్లిందని నా అభిప్రాయం.

1979లో సోనీ కంపెనీ విడుదల చేసిన వాక్‌మన్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. విలేఖరులు వాడే ప్రెస్‌మన్ అనే చిన్న టేపురికార్డరులో రికార్డింగు సౌకర్యం తీసేసి, స్టీరియో పెట్టి తయారు చేశారు. అంటే ఏమైంది? చెవికి విందు దొరికింది, గొంతుకు చోటు పోయింది!

అదే ఏడాది టాస్కామ్ కంపెనీ ఎదురుదారి పట్టింది. మామూలు స్టీరియో కాసెట్టుకు వైపుకు రెండు చొప్పున నాలుగు ట్రాకులు. పోర్టాస్టూడియో 144 అనే యంత్రం ఆ నాలుగింటినీ ఒకే వైపుగా నడిపింది. మొదటిదాంట్లో గిటారు, అది వింటూ రెండోదాంట్లో పాట, ఆ రెండూ వింటూ మూడోదాంట్లో ఇంకో గొంతు. ఒక్క మనిషే బృందమైపోవచ్చు! అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో ఇంట్లోనే ఆ యంత్రం మీద కొన్ని పాటలు నమూనాగా పాడిపెట్టుకున్నాడు. తర్వాత స్టూడియోలో బృందంతో పాడినా ఆ కళ రాలేదు. చివరికి ఆ కాసెట్టు పాటలే అదే ఏడాది ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వెలువడ్డాయి.

2011 నవంబరులో గ్యారేజ్‌బ్యాండ్ యాప్ ఐపాడ్ టచ్‌కు కూడా వచ్చింది. వినడానికి కొన్న బుల్లిపెట్టె ఎనిమిది ట్రాకుల రికార్డరైంది. 2022లో ఐపాడ్ కథ ముగిసిందిగానీ, ఆ విద్య నేడు మన సెల్‌ఫోన్లలో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇటువంటి ఉచిత యాప్‌లున్నాయి.

“ఫోను మైకుకు స్టూడియో నాణ్యత ఎక్కడిదండీ?” అంటారు. నిజమే, రాదు. కానీ ఫ్యాను ఆపి, తలుపులు మూసి, గోడకు దుప్పటి వేలాడదీసి పాడితే సగం గోల పోతుంది. వైరున్న ఇయర్‌ఫోన్సే వాడాలి. స్పీకరులో వింటే పాత ట్రాకు కొత్తదాంట్లో దూరుతుంది. బ్లూటూత్ అయితే ధ్వని ఆలస్యంగా వచ్చి తాళం తప్పిస్తుంది. ఈ మాత్రం జాగ్రత్తకు డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి.

మన వార్షికోత్సవాల్లో కరోకె ట్రాకుల మీద సినిమా పాటలు పాడేవారికి కొదవలేదు. సొంతంగా బాణీ కట్టేవారెందరు? సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ నాట్ల పాటను పట్టి తెచ్చేవారెందరు? ఆమెతోపాటే ఆ పాటా పోతే, ఏ కంపెనీ తెచ్చిస్తుంది?

అంచేత యూనియన్ నాయకులకు నాదొక్కటే విన్నపం. ఏటా ఈ సంచికతోపాటు మన విద్యార్థులు కట్టిన, సేకరించిన పాటలు పదైనా విడుదల చేయండి. పాడినవారి అనుమతి తీసుకోండి, వారి పేర్లు వేయండి. వినడం మానమని నేననను. మన గొంతూ ఒక ట్రాకులో ఉండాలంటాను, అంతే!