షాబ్లీ చిగురు చూసి బేరం కుదుర్చుకోవద్దు

ఫ్రాన్సులోని షాబ్లీ తోటల్లో తీగలు ముందుగానే చిగురించాయన్న కబురు మార్చి నెలాఖరులో వస్తే, దానిని మంచి పంటకు శకునంగా భావించి పాత నిల్వలను చులకన ధరకు వదులుకొనే వర్తకులు ఉంటారు. ఏప్రిల్‌లో ఒక రాత్రి గడ్డమంచు పడిందనగానే వారే హడావుడిగా కొనుగోళ్లకు దిగుతారు. ఈ రెండు పనులూ నష్టదాయకమేనని మా అభిప్రాయం. చల్లని దేశపు తెల్ల వైన్ ధరను చిగురు చూసి కట్టరాదు. నేలమాళిగలోని పీపాలు చూసి కట్టాలి.

షాబ్లీ బర్గండీ ప్రాంతానికి ఉత్తరపు కొసన, సెరాన్ ఏటి ఒడ్డున ఉన్న ఊరు. ఆ పేరుతో అమ్మే వైన్ అంతా షార్డనే రకం తెల్లద్రాక్షదే. సున్నపురాయి నేల, చల్లని గాలి కలిసి దానికి ఒక పులుపును, పదునును ఇస్తాయి. కొనుగోలుదారు డబ్బు చెల్లించేది ఆ పదునుకే. కాబట్టి చలి ఈ సరకుకు శత్రువు మాత్రమే కాదు, విలువ కూడా. విలువ కావాలనేవారు దాని వెంట వచ్చే నష్టభయాన్ని కూడా లెక్కలో వేసుకోక తప్పదు.

హైదరాబాదు పరిసరాల్లో అనాబ్-ఎ-షాహీ సాగుచేసిన రైతులకు ఈ బెడద లేదు. ఇక్కడ తీగ ఎప్పుడు చిగురించాలో కత్తిరింపు తేదీ నిర్ణయిస్తుంది. షాబ్లీలో తీగ చలికాలమంతా నిద్రపోయి, వసంతపు వేడికి లేస్తుంది. నిద్రలో ఉన్న మొగ్గ మైనస్ 10 డిగ్రీల చలినైనా ఓర్చుకుంటుంది. విచ్చుకున్న లేత చిగురు మైనస్ 2 డిగ్రీల దగ్గరే మాడిపోతుంది. వెచ్చని మార్చి ఎందుకు ప్రమాదమో దీనినిబట్టి తెలుస్తుంది. తీగ ఎంత ముందుగా లేస్తే అన్ని ఎక్కువ రాత్రులు మంచుకు ఎదురుగా నిలవాలి. మే 11, 12, 13 తేదీలను అక్కడ మంచు మునుల దినాలంటారు. అవి దాటేదాకా రైతుకు నిద్ర ఉండదు.

2021లో సరిగ్గా ఇదే జరిగింది. మార్చి చివర ఎండలు కాశాయి. ఏప్రిల్ మొదటి వారం దాటుతుండగా ఫ్రాన్సు తోటలను మంచు కాల్చివేసింది. ఆ ఏడాది ఆ దేశపు వైన్ ఉత్పత్తి సుమారు 376 లక్షల హెక్టోలీటర్లకు, అనగా 2020 కన్న దాదాపు అయిదోవంతు తక్కువకు దిగింది. అటు తరువాత సోకిన బూజు తెగులుకు కూడా ఇందులో వాటా ఉన్నది. భూమి వేడెక్కడంవల్ల చిగురు దశలో ఇటువంటి మంచు తగిలే అవకాశం సుమారు 60 శాతం పెరిగిందని శాస్త్రజ్ఞులు అదే సంవత్సరం అంచనా కట్టారు. వేడి పెరిగితే మంచు భయం తగ్గుతుందనుకొనే వర్తకులు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

రైతు చేతులు ముడుచుకొని కూర్చోడు. హెక్టారుకు 300 నుంచి 500 దాకా మైనపు డబ్బాలు వెలిగిస్తాడు. కాకుంటే తీగలపై రాత్రంతా నీరు చిమ్ముతాడు. నీరు గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడి చిగురును కాపాడుతుంది. మధ్యలో పంపు ఆగితే మేలు కాస్తా కీడవుతుంది. పేరున్న వాలు తోటలకు ఈ ఖర్చు గిట్టవచ్చు. చౌక రకాలు పండించేవారందరికీ గిట్టదు. పైగా చల్లగాలి పల్లానికి జారుతుంది. ఒకే రాత్రి ఒకరి తోట మాడి, పక్కతోట పచ్చగా నిలవవచ్చు. కనుక 'అంతా పోయింది' అన్న కబురు వచ్చినప్పుడు, అది ఎవరి తోటనుంచి వచ్చిందని ముందు అడగాలి.

మంచు తరువాత కూడా కథ ముగియదు. మొదటి చిగురు పోతే వెనుకనున్న రెండో మొగ్గ లేస్తుంది. దాని కాపు తక్కువే అయినా సున్నా కాదు. జూన్‌లో పూత నిలిచిన తరువాతే పంట ఎంతో కొంత అంచనాకు వస్తుంది. పూతనుంచి కోతకు సుమారు 100 రోజులు. ఆ లోగా వడగండ్లు, తెగుళ్లు తమ వంతు తీసుకుంటాయి. ఏప్రిల్‌లో చెప్పే లెక్క ఏదైనా ఊహాగానమే.

మరి వర్తకుడు దేనిని నమ్ముకోవాలి? నిల్వలను. షాబ్లీ రకానికి హెక్టారుకు మూల దిగుబడి హద్దు 60 హెక్టోలీటర్లు, అంటే 8,000 సీసాలు. పంట బాగా పండిన ఏట ఈ హద్దుకు మించి కొంత వైన్‌ను రైతు పక్కన పెట్టుకొని, పంట పోయిన ఏట లోటు పూడ్చుకొనే పద్ధతి 2005లో ఇక్కడే ప్రయోగంగా మొదలైంది. ఇది దొంగనిల్వ కాదా అని కొందరు శంకించవచ్చు. దొంగనిల్వ ధర పెంచడానికి చీకటిలో దాచేది. ఇది లెక్కలకెక్కి, హద్దుకు లోబడి, ధర ఎగిరిపడకుండా ఆపేది. సరకు దొరకని ఏట కొనుగోలుదారు మరో వైన్‌కు అలవాటుపడితే, తిరిగి రప్పించడం కష్టం. ఆ నష్టం రైతుకెంతో వర్తకునికీ అంతే.

అయితే ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. 2016లోనూ 2017లోనూ వరుసగా షాబ్లీని మంచు కాటువేసింది. రెండో ఏట చిన్న రైతుకు నిల్వ ఎక్కడిది? 2018లో పంట విరగకాసినా, ఆ రెండేళ్ల అప్పు తీర్చవలసినవాడు సరకును పక్కన పెట్టుకోగలడా? నిల్వ అంటే పెట్టుబడి, వడ్డీ. ఆ భారం ఒక్క రైతుపైనే పడితే మంచి ఏట సరకంతా అమ్మేసుకుంటాడు. చెడ్డ ఏట వర్తకుడు ఖాళీ పీపాలు చూస్తాడు.

కనుక కొనుగోలు సంస్థలు పంట పండిన ఏటనే నిల్వపై కొంత అడ్వాన్సు ఇచ్చి, లోటు ఏట సరకును ముందే ఒప్పుకున్న ధరకు తీసుకోవడం ఉభయతారకం. వసంతంలో వాతావరణం చూడవద్దని మేము అనడం లేదు. చూడవలసిందే, కాని అది జాగ్రత్తపడడానికి, జూదానికి కాదు. మార్చి వెచ్చగా ఉంటే నిల్వను వదులుకోకండి. ఏప్రిల్‌లో మంచు పడితే జూన్ పూత దాకా ఆగండి.