బృందగానము: మనము తీర్చవలసిన ఋణము

పుష్య బహుళ పంచమినాడు కావేరీ తీరమందలి తిరువయ్యారులో వందలకొలది గాయకులు ఒక్క పందిటి క్రింద కూర్చుండి త్యాగరాజస్వామి పంచరత్న కృతులను ఏకకంఠముగా పాడుదురను సంగతి ఎరుగని తెలుగువాడు ఉండడు. ఆ పాడువారిలో పెక్కుమందికి తెలుగు మాతృభాష గాదు. మన లిపి చదువుటయు రాదు. సాహిత్యమును తమిళములోనో మలయాళములోనో కన్నడములోనో వ్రాసికొని, అర్థమును గురుముఖమున తెలిసికొని, మన ఒత్తులను, మన దీర్ఘములను ఏండ్లకొలది సాధనచేసి, తమ నాలుకపై నిలుపుకొన్నవారు వారు. త్యాగయ్య శిష్యపరంపర దక్షిణదేశమంతట వ్యాపించిననాటినుండియు, ఇంచుమించు రెండు వందల సంవత్సరములుగా, మన మాటకు పరుల కంఠములలో లభించుచున్న ఈ ఆతిథ్యమును మనము గర్వముతో చెప్పుకొందుము. దానికి ప్రతిగా మనము ఎవరి పాటకు మన కంఠమున చోటిచ్చితిమి? ఒక ఊరివారు పదిమంది చేరి ఒక మలయాళ గీతమునో, ఒక అస్సామీ పడవపాటనో నేర్చి పాడిన సభలు మన పట్టణములలో ఎన్ని జరుగుచున్నవి? ఈ ఋణమును తీర్చుటకు బృందగాన సంఘములకంటె తగిన సాధనము నాకు కనబడుట లేదు.

ఆ త్రోవ చూపినవారిలో ఒకరు మన చిత్తూరున పుట్టినవారే. 1925లో ఆ యూర జన్మించిన ఎం. బి. శ్రీనివాసన్‌ గారు తమిళులు. విద్యార్థి దశలోనే రాజకీయోద్యమములలో చేరి చెరసాల చూచినవారు. పిమ్మట మలయాళ చలనచిత్ర సంగీతమున ఘనమైన కీర్తి గడించినవారు. అయినను వారి హృదయము నిలిచినది సినిమా పాటపై గాక, 1970 ప్రాంతమున తాము నెలకొల్పిన మద్రాసు యూత్ క్వాయర్ అను గానబృందముపైన. అంతకు పూర్వమే, 1958 ప్రాంతమున, సలిల్ చౌధురి గారు బొంబాయిలోను, రుమా గుహఠాకుర్తా గారు కలకత్తాలోను ఇట్టి యువబృందములను నడపనారంభించిరి. శ్రీనివాసన్‌ గారు సుబ్రహ్మణ్య భారతి గీతములకు బహుగళ స్వరరచన చేసిరి; వివిధ భాషల పాటలను తమ బృందముచేత పాడించిరి; తరువాత జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తలపెట్టిన సామూహిక గాన ప్రణాళికలో పాలుగొని, బడిపిల్లలను వేలసంఖ్యలో కూర్చి, తమవి కాని భాషల పాటలను వారికి నేర్పిరి. 1988లో లక్షద్వీపమున వారు కన్నుమూయువరకు ఈ దీక్ష సడలలేదు.

పరభాషా గీతమును బృందముగా నేర్చుట ఎట్టిదో అభ్యాసశాలలో కూర్చున్నవారికే తెలియును. తెలుగువారు ఒక బెంగాలీ పాట నెత్తుకొన్నారనుకొందము. మొదటినాడు రాగమూ లేదు, తాళమూ లేదు; మాటలను పలుకుటతోడనే సరి. మనము ‘అ’ అని నోరు తెరచుచోట వారు పెదవులు గుండ్రముచేసి ఇంచుమించు ‘ఒ’ అందురు. ముప్పదిమందిలో ఇరువదిమంది గుండ్రముగా పలికి, పదిమంది అలవాటుచొప్పున నోరు తెరచినచో, శ్రుతి చక్కగా కలిసినను, నాదము చెదరును. తమిళ పాటయైనచో ‘తమిళ్’ అను పేరులోని కడపటి ధ్వనికే నాలుక మడత పడును. దానిని మన ‘ళ’కారముతో సరిపెట్టుకొన్న యెడల బృందమందలి తమిళ సోదరి ఒప్పుకొనదు. ఆమె పలికి చూపును. ముప్పదిమంది ఆమె నోటివంక చూతురు. ఆ గడియలో ఆమె ఆ ఊరికి వలసవచ్చిన పరాయి మనిషి గాదు, గురువు. సాంస్కృతిక వైవిధ్యమును గూర్చి సభలలో ఎన్ని ఉపన్యాసములు విన్నను కలుగని గౌరవము, ఒకరి భాషను ఒక నెల దినములు నోట నిలుపుకొనుటకై పడిన శ్రమవలన కలుగును. ఏ పంక్తిలో ఎవరు ఊపిరి తీయవలెనో, ఆ క్షణమున స్వరము తెగకుండ ప్రక్కవారు ఎట్లు నిలుపవలెనో పంచుకొను ఆ ఏర్పాటులోనే ఇరుగుపొరుగు ధర్మమంతయు ఇమిడియున్నది.

ఇక క్రొత్త రచనల మాట. ఇది బృందమునకు అలంకారము గాదు, ప్రాణావసరము. మన సంగీతము ఏకగళ ప్రధానము. స్త్రీపురుషులు కలసి పాడవలసివచ్చిననాడు మొట్టమొదట ఎదురగు చిక్కు శ్రుతి. పురుషులకు సామాన్యముగా ఒకటవ శ్రుతి అనుకూలము. స్త్రీలకు అయిదో, అయిదున్నరో కావలెను. పురుషుల శ్రుతిలో పాడించినచో స్త్రీలు మంద్రస్థాయిలో నలిగిపోవుదురు. స్త్రీల శ్రుతిలో పాడించినచో పురుషులు గొంతు చించుకొందురు. నడిమి శ్రుతి ఒకటి నిర్ణయించినచో ఇరువురికిని అరకొరయే మిగులును. మన భజనబృందములు, ఆరాధనోత్సవములు ఈ బాధను భక్తితో సహించుచున్నవి. కాని ఒకటవ శ్రుతికిని అయిదవ శ్రుతికిని నడుమ నున్న ఎడము షడ్జపంచమముల ఎడమే గదా! ఈ భేదమును అడ్డంకిగా చూడక రచనకు మూలముగా గైకొన్న స్వరకర్తకు త్రోవ తానై తెరచుకొనును: పురుషులు మంద్రమున పంచమము పట్టి నిలువగా స్త్రీలు మధ్యస్థాయిలో సంచరింపవచ్చును; ఒక వర్గము పల్లవి ఎత్తిన ఒక ఆవర్తము తరువాత రెండవ వర్గము దానినే అందుకొనవచ్చును. పాత కృతిని తెచ్చి దీనికి అతికించుట కుదరదు. ఇందుకై పుట్టిన రచన కావలెను.

స్వరసమ్మేళనము పాశ్చాత్యుల సొత్తు, మన రాగమును చెరచునని పెద్దలు కొందరు శంకింతురు. ఆ శంక నిష్కారణము కాదు. తోడివంటి రాగమున ముప్పది కంఠములు గమకమును ఒక్కతీరున ఊపుట దుర్ఘటము. దానిపై మరియొక స్వరపంక్తిని మోపినచో రాగచ్ఛాయయే మాయమగును. అట్టి రాగములను ఏకగళమునకే విడిచిపెట్టుట మేలని నా అభిప్రాయము. మోహనము, హంసధ్వని, శంకరాభరణము అట్టివి గావు. వానియందు ఒక స్వరముపై మరియొక స్వరము నిలిచినను రాగము తన రూపును కాపాడుకొనును. తొమ్మిది లేక పదుమూడు శ్రుతుల, అనగా సూక్ష్మస్వరాంతరముల, ఎడముగల స్వరములు సంవాదులని భరతముని నాట్యశాస్త్రమున చెప్పియుండగా, స్వరమైత్రి మనకు తెలియనిదని ఎట్లనగలము? ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవారి వాద్యబృందముల బాణీలు విని శంకరాభరణమున సుమారు నలుబది నొట్టుస్వర సాహిత్యములు రచించిరి. వారి సోదరులు బాలుస్వామి దీక్షితులు వయొలీనును మన కచేరీకి తెచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌధురి గారు తెలుగున క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగములలో వ్రాసిరి. నేటికిని మన చర్చీలలో నాలుగు గళముల గానమును ఎరిగినవారున్నారు. ఆదివారపు ఆరాధనకు పరిమితమైన ఆ నేర్పును ఊరి బృందములకు పంచుడని వారిని మర్యాదతో పిలిచినవారే లేరు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి జనసమూహములచేత పాడించి బృందగానమున ఎంత బలమున్నదో మన పల్లెలకు చూపినది. అది ఒకే గళముగా సాగిన పాటయైనను, పదుగురితో కలసి పాడుటకు మనవారు వెనుదీయరని తేల్చినది.

పరభాష అనగానే దూరదేశములవంక చూడనక్కరలేదు. ఆదిలాబాదు గోండుల పాట, శ్రీకాకుళపు కొండలలో సవరల పాట, గోదావరి తీరపు కోయల పాట, తండాలలో లంబాడీల పాట, హైదరాబాదు ఉర్దూ గీతము మన ముంగిటనే ఉన్నవి. వీనిని నేర్చునపుడు ఒక్క నియమము తప్పరాదు: ఆ భాషవారు బృందమున సభ్యులుగా కూర్చుండవలెను, పాట ఎవరిదో వారి పేరును, వారి ఊరి పేరును కార్యక్రమ పత్రికలో అచ్చుపడవలెను, దానివలన వచ్చు ప్రతిఫలమున వారికి పాలుండవలెను. ఇది లేనినాడు వైవిధ్యమను పేర జరుగునది దోపిడియే.

ఇట్టి బృందములకు చోటు వెదకనక్కరలేదు. 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నడచిన విజయనగరపు సంగీత కళాశాల మనకున్నది. విజయవాడలోను, హైదరాబాదులోను ప్రభుత్వ సంగీత కళాశాలలున్నవి. సాయంకాలము తరగతులు ముగిసిన పిమ్మట వారమునకు రెండు దినములు ఆ గదులను ఊరివారి బృందమునకు తెరచి ఉంచుటకు పెద్ద ధనమక్కరలేదు. ప్రవేశమునకు సంగీతజ్ఞానమును గూర్చి పరీక్ష పెట్టరాదు. శ్రుతి కలుపగలిగిన ప్రతివానిని చేర్చుకొనవలెను. ధనము వెచ్చింపవలసినది స్వరకర్తలకు. ప్రతి బృందము ఏడాదికి రెండు క్రొత్త రచనలను, ఒకటి తెలుగున, మరియొకటి ఈ నేలమీది వేరొక భాషలో, తగిన పారితోషికమిచ్చి వ్రాయించుకొని, తెలుగు స్వరలిపిలో అచ్చువేసి, ఇతర బృందములకు పంపవలెను. మొదటి రచనకు గోండీ భాషలో ఒక కవిని వెదకి, ఆ కవి సమ్మతితో ఆ పాటను ఉట్నూరులో గోండుల యెదుటనే తొలిసారి పాడుట నాకు సమంజసముగా తోచుచున్నది. ఉచ్చారణలో తప్పులున్నచో దిద్దుటకు వారికంటె తగిన శ్రోతలు లేరు.