నాగావళి వెంట సముద్రతీరమునకు

శీతకాలము వచ్చినంతనే మన పాఠశాలలలో విహారయాత్రల ప్రసంగము మొదలగును. ఎక్కువమంది విశాఖపట్టణమునే కోరుదురు. ఆ నగరమును చూడవలదని నేననను. అయినను రాయగడ, కోరాపుట్టు ప్రాంతముల తెలుగు పిల్లలు మొదట చూడదగిన తీరము శ్రీకాకుళము చెంతనున్న కళింగపట్టణమని నా అభిప్రాయము. శని, ఆదివారములు రెండును దానికి చాలును.

కారణము మన ఇంటి ముంగిటనే యున్నది. కలహండి కొండలలో పుట్టిన నాగావళి రాయగడ ప్రక్కగా పారి, ఆంధ్రదేశమున ప్రవేశించి, తోటపల్లి వద్ద పొలములకు నీరిచ్చి, సంగము అను గ్రామమున సువర్ణముఖిని, వేగావతిని కలుపుకొని, శ్రీకాకుళ పట్టణమును దాటి సముద్రమును చేరును. దాని నిడివి సుమారు 256 కిలోమీటర్లు. గుణుపూరు మీదుగా పోవు వంశధార కళింగపట్టణము వద్దనే కడలిలో కలియును. మనము నిత్యము చూచు నీరు ఎచ్చటికి పోవుచున్నదో కన్నులార చూచుటకంటె మంచి భూగోళ పాఠము వేరొకటి కలదా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమగువరకు మన కోరాపుట్టు సీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే. సరిహద్దులు మారినను నదులు తమ దారి విడువలేదు.

భాషను గూర్చియు ఒక మాట. కెరటము, తెప్ప, ఆటుపోటులు మన పిల్లలకు వాచకములోని పదములు; పరీక్షకు అర్థము వ్రాసి మరచెదరు. జాలరుల నోట వానిని వినిన పిల్లవాడు ఎన్నడును మరువడు. ఇంటను తరగతిలోను మాత్రమే తెలుగు వినువారికి, బస్సు ఫలకము మొదలు అంగడి లెక్క వరకు ఊరంతయు తెలుగున నడచుట చూచిన ధైర్యము కలుగును. “తెలుగు చదివి ఏమి ప్రయోజనము?” అని నిరాశపడు తల్లిదండ్రులకు ఇంతకన్న సూటియైన సమాధానము లేదు. పొరుగు ఒడియా విద్యార్థులను కూడ వెంట పిలువవలెను. ఆ నదులు వారివి కూడ.

ఇక ఏర్పాట్లు. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి చేసిన నష్టమును పెద్దలెరుగుదురు. కావున జనవరి, ఫిబ్రవరులు మేలు. కోరాపుట్టు పిల్లలు రైలులో రాయగడకు వచ్చి తోడివారిని కలిసికొని, పార్వతీపురము, బొబ్బిలి మీదుగా విజయనగరము చేరి, అచ్చట బండి మారి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగవచ్చును. రాత్రి బస శ్రీకాకుళమున. మరునాడు అరసవిల్లి సూర్యదేవాలయము, శాలిహుండము కొండపై బౌద్ధ స్తూపములు, పిదప కళింగపట్టణపు దీపస్తంభము, తీరము. రైలు రాయితీని, బసను గూర్చి ప్రధానోపాధ్యాయులు ఒక మాసము ముందే విచారింపవలెను.

తల్లిదండ్రుల భయము అకారణము కాదు. విహారమునకు పోయి అలలలో మునిగిన విద్యార్థుల వార్తలు పత్రికలలో తరచు చూచుచున్నాము. నదీముఖమున ప్రవాహము, కెరటము పరస్పరము ఢీకొనును. అచ్చట నీట దిగుటను పూర్తిగా నిషేధింపవలెను. తీరమున పదిమంది పిల్లలకు ఒక పెద్ద ఉండవలెను. అంతియేగాని, భయపడి బాలికలను ఇంట నిలుపుట న్యాయము కాదు. ఉపాధ్యాయినులు, ఇద్దరు ముగ్గురు తల్లులు వెంట నడచినచో వారికి లోటేమి?

డబ్బు విషయమే అన్నిటికన్న కష్టమైనది. రుసుము కట్టలేని పిల్లవాడు తరగతిలో మిగిలిపోయి, మిత్రులు తెచ్చిన గవ్వలను చూచుచు కూర్చుండుట కంటె యాత్ర మానుటయే మంచిది. కలిగినవారు మరియొకరి ఖర్చు కూడ భరింపవలెను. తినుబండారములు ఇండ్లనుండియే తీసికొనిపోవలెను. తిరిగివచ్చిన పిదప ప్రతి విద్యార్థియు తాను వినిన పది క్రొత్త తెలుగు మాటలను, చూచిన విశేషములను వ్రాసి ఉపాధ్యాయునకు చూపవలెను. అట్టి వ్రాతలు ఈ పత్రిక రాబోవు సంచికలో నిండునుగాక.