బగ్గు మీద సంతకం ఎవరిది?

సాఫ్టువేరు వాళ్ళ భాషలో నాకు అసలు గిట్టని మాట ఒకటుంది. అది "బగ్గు". తప్పు అనరు, పొరపాటు అనరు, బగ్గు అంటారు, అదేదో దోమలా దానంతటది ఎగిరొచ్చి ప్రోగ్రాములో దూరినట్టు. మన పేపర్ల వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి "సాంకేతిక లోపం" అని రాస్తారు. ఈ మాటల్లో కర్త లేడు, గమనించారా? చేసినవాడు లేని పని లోకంలో ఉండదని హేతువాదులు మొదటిరోజే నేర్చుకుంటారు. మరి ఇక్కడెందుకు ఊరుకుంటున్నాం?

నేనుండేది ఢిల్లీలో, కటవారియా సరాయ్ లో. పక్కనే ఐఐటీ. ఇరుకు సందుల్లో నాలుగైదంతస్తుల మేడలు, వాటిల్లో గేటు కోచింగుకో ఉద్యోగానికో వచ్చిన పిల్లలు. మన తెలుగువాళ్ళూ కనబడతారు. గుర్గావ్ లో ప్రోగ్రామరుగా చేసే ఒక కుర్రాడు ఆదివారాలు టీ కొట్టు దగ్గర కలుస్తుంటాడు. తెలివైనవాడు, ఏ లాంగ్వేజీ మంచిది, ఏ కంపెనీ ఎవర్ని తీసేసింది, అన్నీ చెప్తాడు, నేను వింటాను. మొన్న బ్రిటన్ పోస్టాఫీసుల సంగతి వస్తే, "అంకుల్, బగ్గుల్లేని సాఫ్టువేరు ఉండదు కదా" అని తేలిగ్గా అనేసి ఇంకో విషయంలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట నిజమే. నా తగాదా అక్కడితో ఆగిపోవడం మీదే.

ఆ పోస్టాఫీసు కథ వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది లెక్కల కథ. 1999 నుంచి బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే ఫుజిత్సు వారి సాఫ్టువేరు పెట్టారు. సాయంత్రం లెక్క చూసుకుంటే డబ్బు తక్కువొచ్చేది. ఆ తక్కువ సబ్ పోస్టుమాస్టరు చేతినుంచి కట్టాలి, లేకపోతే దొంగతనం కేసు. 1999-2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్ళారు, ఇళ్ళమ్ముకున్నారు. కనీసం 13 మంది దీనివల్ల ఆత్మహత్య చేసుకుని ఉండవచ్చని 2025 జూలైలో విచారణ సంఘం నివేదిక చెప్పింది. ఒక ఉదాహరణ చూడండి. 2015లో స్కాట్లాండులోని డాల్మెల్లింగ్టన్ పోస్టాఫీసులో 8,000 పౌన్లు ఇంకో శాఖకి పంపుతుంటే తెర బిగుసుకుపోయింది. ఎంటర్ మీట మళ్ళీ మళ్ళీ నొక్కారు. నొక్కినప్పుడల్లా మెషీను ఒక ఎంట్రీ వేసుకుంది. మొత్తం 32,000 పంపినట్టు చూపించి, 24,000 లోటు తేల్చింది. డబ్బు ఎక్కడికీ పోలేదు, అసలు కదల్లేదు!

ఒక ఎంట్రీ నాలుగుసార్లు పడటం నాకు వింత కాదు. నేను రక్షణ శాఖ లెక్కల్లో మూడు దశాబ్దాలకు పైగా పనిచేశాను. వోచరుకి వోచరు కలవని రోజులు ఎన్నో ఉంటాయి. కలవనప్పుడు ఏం చేస్తారు? ఆ మొత్తాన్ని సస్పెన్సు ఖాతాలో వేస్తారు. అంటే, "ఇది ఇంకా తేలలేదు" అని పుస్తకంలో నిజాయితీగా రాసుకోవడం. తేలేదాకా అది ఎవడి మెడకీ చుట్టరు. బీకాం మొదటి సంవత్సరం పిల్లవాడికి కూడా ఇది తెలుసు. హొరైజన్ లోనూ మొదట్లో అలాంటి ఖాతా ఉండేది, 2005లో దాన్ని తీసేశారు. తేలని లెక్కని తేలలేదని రాసుకునే వీలు లేకుండా చేసి, మిగిలిన తేడాని మనిషి నెత్తిన వేశారు. ఇది బగ్గు కాదండీ. ఒక గదిలో కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయం.

దీనికి తోడు చట్టం ఇంకో మేలు చేసింది. కంప్యూటరు సరిగ్గా పనిచేస్తోందని కోర్టులో చూపించాలనే నియమం బ్రిటన్లో 1984 చట్టంలో ఉండేది. 1999లో దాన్ని ఎత్తేశారు. ఇక మెషీను ఒప్పే అని ముందుగా అనుకోవడం, కాదని నిరూపించే భారం పల్లెటూరి పోస్టుమాస్టరు మీద! చివరికి 2024 మేలో పార్లమెంటే ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షల్ని కొట్టేయాల్సి వచ్చింది.

అది బ్రిటన్ లే అనుకునేవాళ్ళకి మన ఇంటి సంగతి చెప్తాను. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. 9 లక్షల మందికి పైగా రాసిన పరీక్ష. పరీక్షకు వచ్చినవాళ్ళని రానట్టు చూపించారు, మార్కులు తారుమారయ్యాయి. అన్ని సబ్జెక్టుల్లో మంచి మార్కులొచ్చే ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది, తిరిగి చూస్తే 99. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళందరి మార్కులూ తప్పులే అని నేను అనడం లేదు, అలా అంటే అది కూడా అబద్ధమే. కానీ తిరిగి పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. త్రిసభ్య కమిటీ కంపెనీ పనిలోనూ బోర్డు పనిలోనూ లోపాలున్నాయని చెప్పింది. ఆ 99 సంగతి చూస్తే, పేపరు దిద్దినవారు వృత్తాలు తప్పుగా నింపారట. వాళ్ళ మీద చర్య తీసుకున్నారు. బాగుంది. కానీ మిగతా అన్నింట్లో మంచి మార్కులొచ్చి ఒక్కదాంట్లో సున్నా వస్తే, "ఇది ఒకసారి చూడండి" అని ఆపే చిన్న షరతు ప్రోగ్రాములో ఎందుకు లేదు? మా ఆఫీసులో కొత్తగా చేరిన ఆడిటరు కూడా అలాంటి అంకె దగ్గర పెన్సిలు పెట్టేవాడు.

ఇంకొకటి, రేషను కార్డులు. తెలంగాణలో 2014 తర్వాత ఐదేళ్ళలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే వ్యవస్థ రకరకాల శాఖల జాబితాలు కలిపి చూసి, ఫలానావాడికి కారుంది, పొలముంది అని తేలుస్తుంది. రిక్షా తొక్కే మనిషికి కారున్నట్టు తేల్చింది! పేర్లు కలిస్తే మనుషులు కలిసినట్టే అనుకునే లెక్క. నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసింది లేదు. 2022లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్ళీ చూడమనాల్సి వచ్చింది. బియ్యం పోయిన ఇంట్లో బగ్గు అనే మాటకి అర్థం ఆకలి.

ఇప్పుడు నా కామర్సు బుద్ధికి తట్టిన ప్రశ్న. మనదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కలకు సాఫ్టువేరు వాడే కంపెనీలకి ఒక నియమం పెట్టారు. ప్రతి మార్పూ ఎప్పుడు చేశారో చిట్టా ఉండాలి, ఆ చిట్టాని ఆపేసే వీలుండకూడదు. నిఖార్సైన నియమం. ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పుస్తకానికే ఇంత కాపలా పెట్టిన ప్రభుత్వం, పేదవాడి బియ్యం కోసేసే ప్రోగ్రాముకి అదే కాపలా ఎందుకు పెట్టదు? అలాగే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను చూడండి. కంప్యూటరు రికార్డు కోర్టుకి తేవాలంటే, యంత్రం సరిగ్గా పనిచేసిందని దాని బాధ్యుడూ, ఒక నిపుణుడూ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాలి. కోర్టులో కాగితానికి సంతకం కావాలి. గుమ్మంలో కార్డు కొట్టేయడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు!

మన బజార్లలో "కంప్యూటర్ జాతకం" బోర్డులు గుర్తున్నాయా? పంతులు చేత్తో రాసిస్తే అనుమానించేవాడు కూడా ప్రింటు తీసి ఇస్తే నమ్మేవాడు. లోపలున్న చెత్త అదే, కాగితం మారింది. "సిస్టమ్ తీసుకోవడం లేదండీ" అని కౌంటరు వెనక గుమాస్తా అంటే మనం తలూపి ఇంటికొచ్చేయడం ఆ నమ్మకానికి తమ్ముడే.

కుర్రాడు దీనికి జవాబుగా, ఇప్పుడు ఏఐ వచ్చింది, తప్పులు తగ్గుతాయి అన్నాడు. సరే, నువ్వెలా వాడుతున్నావని అడిగాను. కావలసింది చెప్తే అదే కోడు రాస్తుందట, పనిచేస్తే చాలు, ప్రతి లైనూ చదవడట. దీనికి "వైబ్ కోడింగ్" అని పేరు కూడా ఉంది, 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కార్పతీ పెట్టాడు. సొంత సరదాకి రాసుకునే బొమ్మ ప్రోగ్రాములకైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పింఛన్లకి, మార్కులకి, బియ్యానికి అదే పద్ధతి వస్తే? చదవకుండా సంతకం పెట్టిన బిల్లుకి మా శాఖలో సంజాయిషీ అడిగేవారు. చదవకుండా పంపిన కోడుకి ఎవరడుగుతారు?

"అంకుల్, మేం జీతగాళ్ళం, డెడ్ లైను వాళ్ళు పెడతారు, సంతకం మమ్మల్ని పెట్టమంటే ఎలా?" అన్నాడు. న్యాయమైన మాట. అందుకే నేను కుర్రాడి సంతకం అడగడం లేదు. కొన్న శాఖాధిపతిది, అమ్మిన కంపెనీ డైరెక్టరుది అడుగుతున్నాను. కార్డు రద్దైన ప్రతి ఇంటికీ కారణం తెలుగులో రాసిన ఒక కాగితం, కింద ఒక అధికారి పేరు, హోదా, తేదీ. ఆ కారణం తప్పని ఇంటివాళ్ళంటే, తేలేదాకా బియ్యం ఆగకూడదు. లెక్క సస్పెన్సులో ఉండాలి గానీ మనిషి కాదు.