కేళీలకూ ఒక చిట్టా కావాలి

వరిచేలో కేళీలు ఏరడం మన జిల్లా రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. చేను ఈనే వేళకు గట్టుమీద నిలబడి చూస్తే తోటి దుబ్బులకంటే జానెడు పొడుగు పెరిగినదీ, వారం ముందే వెన్ను తీసినదీ, ఆకు పాలిపోయినదీ ఇట్టే కంటబడతాయి. విత్తనం కోసం విడిచిన మడి అయితే వాటిని వేళ్ళతో సహా పీకి పారేయవలసిందే. వాటిలో అధిక భాగం కళ్ళంలోనో, గోనెసంచిలోనో కలిసిన వేరే రకం గింజలవే అన్నది నిజం. అయితే ఎప్పుడో అరుదుగా ఒక మొక్క కల్తీ వల్ల కాక దానంతట అదే మారిపోయి పుడుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఉత్పరివర్తనం అంటారు. తాతల నాటి దస్తావేజుకు నకలు రాసేటప్పుడు ఒక అక్షరం తప్పు పడినట్లు, వంశ లక్షణాలను మోసే జన్యువులో ఒకచోట తేడా పడుతుందన్నమాట.

ఈ తప్పు అక్షరాలను చిన్నచూపు చూడడానికి వీల్లేదు. పొడుగు వరికి ఎరువు ఎక్కువైతే చేను పడిపోయే రోజుల్లో, 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించిన ఐ.ఆర్.8 నిలబడింది. దాని పొట్టితనం తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ అనే వరినుంచి వచ్చినది. ఆ వరిలో ఒకే ఒక జన్యువులో చిన్న ముక్క ఊడిపోవడమే ఆ పొట్టితనానికి కారణమని 2002లో గాని తేలలేదు. జపానువారు గామా కిరణాల సాయంతో తయారుచేసి 1966లో విడుదల చేసిన రీమెయ్, కాలిఫోర్నియాలో అదే పద్ధతిన 1976లో వచ్చిన కాల్‌రోజ్ 76 కూడా ఆ జన్యువులో మార్పు వల్లనే పొట్టివయ్యాయి. మూడు చోట్ల, మూడు దారుల్లో వెళ్ళి అందరూ ఒకే తలుపు తట్టారు. అందరికీ అందుబాటులో ఒక చిట్టా ఉండి ఉంటే ఆ సంగతి తెలియడానికి అన్నేళ్ళు పట్టేది కాదు.

వరి జన్యు సమాచారం యావత్తును 2005లో అంతర్జాతీయ బృందం ప్రకటించింది. 11వ క్రోమోజోములో కొంత భాగం చదివినది మన దేశంవారే. వరిలో 37 వేలకు పైగా జన్యువులున్నాయని అప్పట్లో లెక్క వేశారు. కాని జన్యువుల జాబితా ఉన్నంత మాత్రాన ఏది ఏ పని చేస్తుందో తెలియదు. ఆయిలింజనులో ఏ భాగం దేనికో తెలియాలంటే ఒక్కొక్కటి ఊడదీసి ఏది ఆగిపోతుందో చూడాలి. అలా ఒక్కో జన్యువు చెడిన మొక్కలను వేలకొలది పెంచి, ఎందులో ఏం మారిందో రాసిపెట్టుకోవడమే ఈ పని.

దీన్ని పద్ధతిగా చేసినవారిలో జపానువారు ముందున్నారు. వరిలోనే సహజంగా ఉండి, ఒకచోటినుంచి మరోచోటికి నకలు వేసుకుంటూ పోయే టాస్17 అనే ముక్కను వారు వాడుకున్నారు. బయటినుంచి తెచ్చిన జన్యువు కాదు గనుక ఎవరూ కంగారు పడనక్కరలేదు. నిప్పన్‌బారె అనే రకంలో సుమారు 50 వేల వంశాలు తయారుచేశారు. వాటిని పొలంలో నాటి పొట్టివి, ఆలస్యంగా ఈనేవి, తాలు పోయేవి అంటూ 53 తరగతులుగా రాసుకున్నారు. ఆ వివరాలు ఫోటోలతో సహా కంప్యూటర్‌లో పెట్టారు. మన అడంగల్ మాదిరే అనుకోవచ్చు. సర్వే నంబరు తెలిస్తే రైతు పేరు, రైతు పేరు తెలిస్తే సర్వే నంబరు దొరికినట్లు, జన్యువు చెబితే మొక్క, మొక్క లక్షణం చెబితే జన్యువు వెతుక్కోవచ్చు. విత్తనం కూడా అడిగి తెప్పించుకోవచ్చు. ఇంత ఓపికగా పొలంలో నిలబడి రాసిన కూలీల, సహాయకుల పేర్లు మాత్రం ఏ చిట్టాలోనూ కనబడవు.

దీనివల్ల మనకేమిటి లాభమని అడిగేవారు ఉంటారు. చైనాలో శాస్త్రజ్ఞులు మందు పెట్టి మార్చిన వరి మొక్కల్లో వెతగ్గా, నీటి ఎద్దడికీ ఉప్పుకూ తట్టుకునే మొక్క ఒకటి బయటపడింది. డి.ఎస్.టి. అనే జన్యువు చెడడం వల్ల ఆ మొక్క ఆకుల రంధ్రాలను ముడుచుకుని నీటిని కాపాడుకుంటోందని 2009లో ప్రకటించారు. ఆ ఎరుకతోనే ఢిల్లీ శాస్త్రజ్ఞులు ఎం.టి.యు. 1010లో అదే జన్యువును సవరించిన రకాన్ని 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఎం.టి.యు. 1010 అంటే మరేదో కాదు, మన మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలే. ఉప్పు నేలలతో అవస్థపడే తీర గ్రామాలవారు ఈ సంగతి విని ఊరుకోగలరా?

మన దేశంలోనూ ఈ పని జరగకపోలేదు. వేడికీ బెట్టకూ తట్టుకునే నాగినా 22 రకంలో మందు పెట్టి వేలాది మార్పు మొక్కలను తయారుచేశారు. హైదరాబాదులో సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి బాపట్లలో పుట్టిన సాంబమసూరి, అంటే బి.పి.టి. 5204లోనూ అదే చేశాయి. పాముపొడ తెగులుకూ, కాండం తొలుచు పురుగుకూ తట్టుకునేవి వాటిలో దొరికాయి. హర్షించవలసిన విషయమే.

అయితే ఇటువంటి పనులకు డబ్బు సాధారణంగా ప్రాజెక్టు పేరుమీద మూడేళ్ళకో అయిదేళ్ళకో వస్తుంది. గడువు తీరాక చిట్టా ఎవరు చూస్తారు? వరి విత్తనం మామూలు గదిలో, మన తేమలో, ఏడాది రెండేళ్ళకే మొలక చచ్చిపోతుంది. చల్లటి గిడ్డంగిలో పెట్టినా కొన్నేళ్ళకొకసారి నాటి కొత్త విత్తనం తీయవలసిందే. విత్తనం పోయిన చిట్టా చెల్లని నోటుతో సమానం. చిట్టా పోయిన విత్తనం అటకమీది మూట. జీతాలతో పాటు చిట్టాకూ గిడ్డంగికీ ఏటా శాశ్వత పద్దు కేటాయించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

మరొక మాట. ఈ చిట్టాలు ఇంగ్లీషులో, పండితుల భాషలో ఉన్నాయి. రైతు జన్యువు నంబరు వెతకడు. "దోమపోటుకు ఆగేది ఉందా", "నీట మునిగినా లేచేది ఉందా" అని వెతుకుతాడు. ఆ మాటలతో తెలుగులో వెతకగల భాగం ఒకటి తయారుచేయడం మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పెద్ద పనేమీ కాదు. దానితోపాటు మార్టేరు కేంద్రం ఈ సార్వానుంచే ఒక ఫోన్ నంబరు ఇచ్చి, వింత కేళీ కనబడిన రైతు దాని ఫోటో, రకం పేరు, నాట్ల తేదీ పంపేటట్లు, పనికొచ్చేదనుకుంటే వెన్ను కోసుకుపోయేందుకు మనిషిని పంపేటట్లు ఏర్పాటు చేయాలి. పంపిన రైతు పేరు, ఊరు పేరు ఆ చిట్టాలో మొక్క పక్కనే రాయాలి.