ఊపిరాడని నాలాలో డిటర్జెంట్‌

వానలు ముదిరితే హైదరాబాద్‌లో పరికి చెరువు నాలా పొంగి, కూకట్‌పల్లి ధరణీనగర్‌ ఇళ్ల గుమ్మాల దాకా తెల్లటి నురగ వస్తుంది. ఛట్‌ పూజ రోజుల్లో ఢిల్లీ కాళింది కుంజ్‌ దగ్గర యమున పరిస్థితీ అంతే. అక్కడ నురగను అణిచే మందు చల్లుతారు, టీవీ కెమెరాలు వెళ్లిపోతాయి, గొడవ సద్దుమణుగుతుంది. నురగను పుట్టించిన సర్ఫక్టెంట్లు (డిటర్జెంట్లలో మురికిని వదిలించే రసాయనాలు) మాత్రం నీళ్లలోనే ఉంటాయి.

ఐరోపా, అమెరికా నదులు 1950ల్లోనే ఇలా నురగలు కక్కాయి. అప్పటి డిటర్జెంట్లలో ఉన్న ఆల్కైల్‌ బెంజీన్‌ సల్ఫోనేట్‌ కార్బన్‌ గొలుసు కొమ్మలుగా చీలి ఉండేది. దాన్ని విరగ్గొట్టడం బ్యాక్టీరియా వల్ల కాలేదు. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి 1964 నుంచి అమలు చేసింది. అమెరికా కంపెనీలు 1965 నాటికి తిన్నని గొలుసు ఉన్న లీనియర్‌ ఆల్కైల్‌ బెంజీన్‌ సల్ఫోనేట్‌కు, అంటే ‘లాస్‌’కు మారిపోయాయి. ఇవాళ మన బట్టల పొడిలోనూ ఎక్కువగా వాడే సర్ఫక్టెంట్‌ ఇదే. సక్రమంగా నడిచే మురుగు శుద్ధి కేంద్రంలో ఇది 95 శాతానికి పైగా పోతుంది.

చిక్కంతా ‘సక్రమంగా నడిచే’ దగ్గరే ఉంది. బ్యాక్టీరియా ఈ గొలుసు చివరన ఆక్సిజన్‌ తగిలించాకే దాన్ని తినడం మొదలుపెడుతుంది. గాలి అందని మురుగులో ఆ మొదటి అడుగే పడదు. లాస్‌ విరగకుండా బురదకు అంటుకుని అడుగున పేరుకుంటుంది. బెంగళూరు బెళ్లందూరు చెరువును పరిశీలించిన భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పిందీ ఇదే: పెద్ద వాన ఆ బురదను కెలికినప్పుడు, దానికి పట్టి ఉన్న డిటర్జెంట్‌ నీళ్లలోకి వచ్చి నురగ కడుతోంది. అంటే మనకు కనిపించే నురగలో నిన్న మొన్న ఉతికిన బట్టలదే కాదు, ఎప్పటెప్పటిదో ఉంటుంది.

విషం సంగతి వేరు. చేపల చెరువుల రైతులకు ఇప్ప చెక్క తెలిసిందే. చేపపిల్లలను వదలడానికి ముందు కలుపు చేపలను చంపడానికి దాన్ని వేస్తారు. అందులోని సాపోనిన్‌ ప్రకృతి తయారుచేసిన సర్ఫక్టెంటే. అది మొప్పలను దెబ్బతీస్తుంది, రెండు మూడు వారాల్లో విరిగిపోతుంది, ఆ తర్వాత చెక్క చెరువుకు ఎరువవుతుంది. ‘సహజం’ అన్నంత మాత్రాన ఏదీ నిరపాయం కాదు, విషమైనంత మాత్రాన శాశ్వతంగా ఉండిపోదు. లాస్‌ కూడా లీటరుకు కొద్ది మిల్లీగ్రాములుంటే చాలు, చేపల ప్రాణం తీస్తుంది. విరిగితే మాత్రం దాని ముక్కల్లో ఆ పదును బాగా తగ్గుతుంది.

నోనైల్‌ఫినాల్‌ ఇథాక్సిలేట్లనే మరో రకం సర్ఫక్టెంట్లది తలకిందుల వ్యవహారం. బట్టల మిల్లుల్లో, ఉన్ని కడగడంలో వీటిని విరివిగా వాడారు. ఇవి విరిగేకొద్దీ పుట్టే నోనైల్‌ఫినాల్‌ అసలు రసాయనం కన్నా విషపూరితం, పైగా ఈస్ట్రోజన్‌ హార్మోన్‌ను అనుకరిస్తుంది. స్విట్జర్లాండ్‌ పరిశోధకులు 1984లో దాన్ని మురుగు బురదలో పట్టుకున్నారు. 1990ల్లో ఇంగ్లండ్‌లోని ఎయిర్‌ నదిలో, ఉన్ని మిల్లుల మురుగు కలిసే చోట, మగ ట్రౌట్‌ చేపల రక్తంలో గుడ్డు సొనకు కావాల్సిన ప్రోటీన్‌ కనిపించింది. ఐరోపా 2005లో ఈ రసాయనాల వాడకంపై ఆంక్షలు తెచ్చింది, 2021 నుంచి దిగుమతి బట్టల్లో మిగిలే అవశేషానికీ పరిమితి పెట్టింది.

మన కొలతల్లో ఈ తేడా ఎక్కడ దొరుకుతుంది? నీటి నమూనాలో మిథిలీన్‌ బ్లూ రంగు కలిపి, క్లోరోఫాం పోసి కుదుపుతారు. డిటర్జెంట్‌ ఉంటే రంగు దాన్ని పట్టుకుని అడుగునున్న క్లోరోఫాంలోకి దిగుతుంది. ఆ నీలం చిక్కదనమే లెక్క. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. ఈ పరీక్ష లాస్‌ జాతినే పట్టుకుంటుంది. విద్యుదావేశం లేని నోనైల్‌ఫినాల్‌ జాతి దాని కంటపడదు. లాస్‌ గొలుసులో ఒక ముక్క తెగినా నీలం తగ్గుతుంది, కాగితం మీద ‘విరిగిపోయింది’ అని నమోదవుతుంది. ఐరోపా 2004 నిబంధన ఇంతటితో ఒప్పుకోదు. 28 రోజుల్లో కనీసం 60 శాతం కార్బన్‌ డయాక్సైడ్‌గా మారాలంటుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్‌) నిర్దేశాలకు తగని సబ్బులు, డిటర్జెంట్ల అమ్మకాన్ని 2021లో ఢిల్లీ నిషేధించింది. మంచి పనే. కానీ ఆ ఉత్తర్వు దుకాణం అల్మరా దాకానే పనిచేస్తుంది. ఎంత మంచి పొడి కొన్నా, శుద్ధి కేంద్రం చేరకుండా నేరుగా యమునలో కలిసే నాలాల్లో దాన్ని తినే బ్యాక్టీరియాకు గాలి లేదు.